మూలకణాలు చురుగ్గా ఉండాలంటే వ్యాయామం ఎలా చేయాలి?

పాతికేళ్ల వయసులో కండరానికి దెబ్బ తగిలితే నాలుగు రోజుల్లో దాని సంగతే మర్చిపోతాం. అదే దెబ్బ అరవైలో తగిలితే వారాల తరబడి సతాయిస్తుంది, ఒక్కోసారి మునుపటిలా కానే కాదు. "వయసు మీద పడింది కదా" అని సరిపెట్టుకుంటాం గానీ, ఆ వయసు లోపల ఏం చేసిందో చూస్తే, పాడైన చోట కొత్త కణాలు తయారుచేసి పెట్టే మూలకణాలు, అదే స్టెమ్ సెల్స్, పిలిస్తే పలికే వేగం తగ్గిపోయింది. 2013లో కార్లోస్ లోపెజ్-ఓటిన్, ఆయన తోటి శాస్త్రవేత్తలు వృద్ధాప్యానికి 9 ప్రధాన లక్షణాలు గుర్తించారు, 2023లో ఆ జాబితాను 12కి పెంచారు. రెండింటిలోనూ మూలకణాలు అలసిపోవడం ఉంది.

ఊరటనిచ్చే సంగతేమిటంటే, వయసుతో వాటి సంఖ్య కొంత తగ్గినా, మిగిలినవాటిలో చాలావరకు పనికిరాకుండా పోలేదు, మగతగా పడి ఉన్నాయి. చుట్టూ ఉన్న రక్తంలో, కణజాలంలో వచ్చిన మార్పులు వాటిని లేవనివ్వడం లేదు. ఆ చుట్టుపక్కల పరిస్థితిని మార్చడానికి మన చేతిలో ఉన్నవాటిలో నాకు బాగా నమ్మకమున్నది వ్యాయామమే. అయితే ఏదో ఒకటి చేస్తే సరిపోదు. కండరంలోని మూలకణానికి కావాల్సింది వేరు, ఎముకలోని దానికి వేరు, రక్తాన్ని తయారుచేసేదానికి పూర్తిగా వేరు. అందుకే ఒక్కోదానికి ఏం చేయాలో విడివిడిగా చెప్పి, తర్వాత వారంలో ఎలా సర్దుకోవాలో చెప్తాను.

అంతకంటే ముందు ఒక ప్రయోగం గురించి తెలుసుకోవాలి, ఎందుకంటే కింద చెప్పేదంతా ఎలా చేయాలన్నది దీన్నిబట్టే తేలుతుంది. 2020లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో థామస్ రాండో బృందం 20 నెలల ముసలి ఎలుకల బోనుల్లో తిరిగే చక్రాలు పెట్టింది. బలవంతం ఏమీ లేదు, ఇష్టమైతే ఎక్కి పరుగెత్తొచ్చు. కొన్నిటి చక్రాలు మాత్రం తిరగకుండా బిగించేశారు, పోల్చి చూడటానికి. సుమారు 3 వారాలు గడిచాక కండరానికి గాయం చేసి చూస్తే, పరుగెత్తిన ముసలి ఎలుకల్లో కండరం త్వరగా బాగుపడింది, వాటి మూలకణాలు పడుచు ఎలుకల వాటిలాగా చటుక్కున మేల్కొన్నాయి. మూలకణం మేల్కోవడానికి అవసరమైన, వయసుతో తగ్గిపోయే సైక్లిన్ డి1 అనే ప్రొటీన్ మళ్లీ పెరిగింది. ఇంకో ముచ్చట, పరుగెత్తిన ముసలి ఎలుకల రక్తాన్ని పరుగెత్తని ముసలి ఎలుకలకు ఎక్కించినా అలాంటి మేలే కనిపించింది, అంటే కండరాన్ని లేపే కబురు రక్తంలో తిరుగుతోందన్నమాట. కానీ పరుగు ఆపేశాక ఆ మేలు త్వరగానే కరిగిపోయింది. ఈ చివరి వాక్యం దగ్గర ఒక్క నిమిషం ఆగండి. మూలకణాల విషయంలో వ్యాయామం ఒకసారి చేసి దాచుకునేది కాదు, ఆపకుండా ఇస్తూ ఉండాల్సిన సంకేతం. కాబట్టి మీరు ఎంత కష్టమైనది చేయగలరు అనేదానికంటే, దేన్ని ఏళ్ల తరబడి వదలకుండా చేయగలరు అన్నదే ముందు చూసుకోవాలి.

ఇది ఎలుకల్లో తేలిన విషయం. మనుషుల్లో తేలినవి కూడా ఉన్నాయి, ఏది ఎవరి మీద చూశారో ఎక్కడికక్కడ చెప్తాను.

మొదటి అడుగు: ఇప్పుడు ఎక్కడున్నారో రాసిపెట్టుకోండి

గుండె జబ్బు, అదుపులో లేని బీపీ, షుగర్, ఛాతీలో నొప్పి, కళ్లు తిరిగి పడిపోవడం లాంటివి ఉంటే ముందు డాక్టర్‌కి చూపించుకోండి, ఇందులో మొహమాటం వద్దు. అంతా బాగుంటే మూడు చిన్న పరీక్షలు మీరే పెట్టుకోండి. ఒకటి, చేతులు ఛాతీ మీద కట్టుకుని 30 సెకన్లలో కుర్చీలోంచి ఎన్నిసార్లు పూర్తిగా లేచి కూర్చోగలరు. రెండు, గోడ పక్కన నిలబడి ఒంటికాలి మీద ఎన్ని సెకన్లు ఆగగలరు. మూడు, 6 నిమిషాల్లో ఎంత దూరం నడవగలరు. తేదీ వేసి రాసిపెట్టండి. పక్కవాళ్ల అంకెలతో పోల్చుకోవద్దు, వాటితో మీకు పనిలేదు.

రెండో అడుగు: రక్తం కోసం, ఆయాసం వచ్చే నడక

ఎముక మజ్జలో ఉండే మూలకణాలు రోజుకు సుమారు 20 వేల కోట్ల ఎర్ర రక్తకణాలు తయారయ్యేలా చూస్తాయి, తెల్ల రక్తకణాలు అదనం. వయసు పెరిగేకొద్దీ వీటి తీరు మారుతుంది, ఇన్‌ఫ్లమేషన్‌ను, అంటే ఒంట్లో లోలోపల ఉండే వాపును, పెంచే తెల్లకణాల వైపు మొగ్గుతాయి, రక్తనాళాల్లో పూడికలు పెరగడానికి అదొక దారి. ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మూలకణాలు ఎంత ఎక్కువ పనిచేస్తే అంత మంచిది అనుకుంటారు. మజ్జ విషయంలో అది నిజం కాదు, అక్కడి కణాలకు విశ్రాంతే కావాలి, అనవసరంగా విభజన చెందుతూ పోతే అవి అరిగిపోతాయి. బోస్టన్‌లో మథియాస్ నారెన్‌డార్ఫ్ బృందం 2019లో చూపించింది అదే: 6 వారాలు చక్రం మీద పరుగెత్తిన ఎలుకల్లో కొవ్వు నుంచి వచ్చే లెప్టిన్ అనే హార్మోన్ తగ్గింది, దాంతో మజ్జలోని మూలకణాలు నెమ్మదించాయి, ఇన్‌ఫ్లమేషన్ కలిగించే తెల్లకణాలు తగ్గాయి. అలాగని ఇన్‌ఫెక్షన్ వచ్చినప్పుడు ఎదుర్కొనే శక్తి తగ్గలేదు.

దీనికి కావాల్సింది వారంలో ఎక్కువ రోజులు చేసే ఓ మోస్తరు శ్రమ. వేగంగా నడవడం, సైకిల్ తొక్కడం, ఈత, ఏదైనా పర్వాలేదు. ఎంత వేగం అంటే, నడుస్తూ పక్కవాళ్లతో మాట్లాడగలగాలి కానీ పాట పాడలేకపోవాలి. పాడగలుగుతున్నారంటే ఇంకాస్త వేగం పెంచండి. ముక్కలు ముక్కలుగా తప్ప మాట రావడం లేదంటే తగ్గించండి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాల ప్రకారం పెద్దవాళ్లకు ఇలాంటి శ్రమ వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఉండాలి, బాగా ఆయాసం వచ్చే శ్రమ అయితే 75 నుంచి 150 నిమిషాలు. ఏళ్లుగా ఏమీ చేయనివాళ్లు రోజుకు 10 నిమిషాలతో మొదలుపెట్టి, వారానికి 5 నిమిషాల చొప్పున పెంచుకుంటూ 40 నిమిషాలకు చేరండి. తొందరేమీ లేదు.

అలవాటు పడ్డాక, అంటే ఓ రెండు నెలల తర్వాత, వారంలో ఒకటి రెండు రోజులు నడక మధ్యలో వేగం మార్చండి: ఒక నిమిషం గట్టిగా, రెండు నిమిషాలు మామూలుగా, అలా ఆరేడుసార్లు. దీనికీ ఒక కారణం ఉంది. మన క్రోమోజోముల చివర్లలో టెలోమియర్లు ఉంటాయి, కణం విభజన చెందినప్పుడల్లా అవి కాస్త కాస్త పొట్టివవుతాయి, టెలోమెరేజ్ అనే ఎంజైమ్ వాటిని కాపాడుతుంది (ఇది కనిపెట్టినందుకే 2009లో ఎలిజబెత్ బ్లాక్‌బర్న్, కరోల్ గ్రైడర్, జాక్ షోస్టాక్‌లకు నోబెల్ వచ్చింది). 2019లో జర్మనీలో మనుషుల మీద చేసిన అధ్యయనంలో వారానికి 3 సార్లు, 45 నిమిషాల చొప్పున 6 నెలలు వ్యాయామం చేయించారు. నిలకడగా పరుగెత్తినవాళ్లలోనూ, వేగం మారుస్తూ పరుగెత్తినవాళ్లలోనూ తెల్ల రక్తకణాల్లో టెలోమెరేజ్ చురుకుదనం పెరిగింది. మెషీన్ల మీద బరువు వ్యాయామాలు మాత్రమే చేసినవాళ్లలో పెరగలేదు. జిమ్‌లో బరువులు ఎత్తి, నడక అక్కర్లేదనుకునేవాళ్లు ఇది గమనించాలి.

మూడో అడుగు: కండరం కోసం, బరువు

అలాగని నడకతోనే సరిపెట్టుకునేవాళ్లకు ఇంకో వైపు నష్టం ఉంది. నా ఉద్దేశంలో అరవై దాటినవాళ్లు ఎక్కువగా వదిలేసేది, వాళ్లకు అన్నిటికంటే అవసరమైనది ఈ అడుగే.

కండరంలోని మూలకణాలను 1961లో అలెగ్జాండర్ మౌరో అనే శాస్త్రవేత్త కప్ప కండరాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద చూస్తూ కనుక్కున్నారు. కండరపు పోగు మీద, దాని పొరకీ పైనున్న తొడుగుకీ మధ్య అతుక్కుని ఉంటాయి, అందుకే శాటిలైట్ సెల్స్ అని పేరు. మామూలుగా నిద్రలో ఉంటాయి. కండరం మీద అలవాటు లేని బరువు పడితే లేస్తాయి, విభజన చెందుతాయి, కొన్ని ఆ పోగులో కలిసిపోయి దాన్ని బాగుచేస్తాయి, కొన్ని మళ్లీ నిద్రలోకి వెళ్లి రేపటికోసం నిల్వ ఉంటాయి. వయసుతో ఇవి తగ్గేది ముఖ్యంగా వేగంగా, బలంగా పనిచేసే పోగుల్లో, అంటే తూలినప్పుడు ఒక్క ఉదుటున కాలు ముందుకేసి నిలదొక్కుకోవడానికి పనికొచ్చేవాటిలో. మామూలు నడక ఈ పోగుల్ని పెద్దగా కదిలించదు. నెదర్లాండ్స్‌లో వయసు మళ్లిన మగవాళ్ల చేత 12 వారాలు కాళ్లకు బరువు వ్యాయామాలు చేయించి, తొడ కండరం నుంచి చిన్న ముక్క తీసి చూస్తే, సరిగ్గా ఆ వేగవంతమైన పోగుల్లోనే మూలకణాలు పెరిగాయి.

ఎలా చేయాలంటే, గట్టి కుర్చీ ఒకటి జరగకుండా గోడకు ఆనించి పెట్టండి. దాని ముందు నిలబడి, పాదాలు భుజాలంత ఎడంగా ఉంచి, చేతులు ముందుకు చాచండి. మనసులో నాలుగు దాకా లెక్కపెడుతూ మెల్లగా కూర్చోండి. చాలామంది సగం దాకా చక్కగా దిగి, కుర్చీ ఇంకో జానెడు దూరం ఉందనగా ధబ్బున కూలబడతారు. ఆ జానెడు దగ్గరే అసలు పని ఉంది, అక్కడ తొడ కండరం సాగుతూనే బరువు మోస్తుంది, అలా సాగుతూ మోసినప్పుడు అది గట్టిగా ఒత్తిడికి లోనై మూలకణాలకు కబురు వెళ్తుంది. కాబట్టి ఆ చివర్లో వేగం ఇంకా తగ్గించండి, కుర్చీకి తగిలీ తగలనట్టు ఆగి, మడమలు నేలకు నొక్కి పైకి లేవండి. మోకాళ్లు లోపలికి ముడుచుకుపోతుంటే పాదాల వైపు తిప్పుకోండి. మొదట్లో లేవడం కష్టమైతే చేత్తో పట్టుకుని లేవండి, కానీ దిగడం మాత్రం మీ కాళ్ల మీదే దిగండి.

8 నుంచి 12 సార్లు చేశాక చివరి రెండు కష్టంగా అనిపించాలి. సునాయాసంగా ఇరవై చేసేస్తున్నారంటే మూలకణానికి కబురే వెళ్లడం లేదు, చేతిలో బరువు పట్టుకోండి. ఇలా రెండు మూడు విడతలు, మధ్యలో రెండు నిమిషాలు విశ్రాంతి. దీంతోపాటు గోడకు పుష్‌అప్స్, వ్యాయామానికి వాడే పొడవాటి రబ్బరు బ్యాండ్‌ను ఛాతీ వైపు లాగడం, పిక్కల కోసం మునివేళ్ల మీద లేచి మెల్లగా దిగడం, ఈ నాలుగు చాలు. వారానికి 2 రోజులు, మధ్యలో కనీసం 48 గంటలు తేడా ఉండాలి.

"ఈ వయసులో నాకెందుకు" అనేవాళ్లకు: 1990లో బోస్టన్‌లో మరియా ఫియటరోన్ బృందం వృద్ధాశ్రమంలో ఉంటున్న 10 మందితో, వాళ్ల సగటు వయసు 90, కాళ్లకు గట్టి బరువు వ్యాయామం చేయించింది. 8 వారాల్లో బలం సగటున 174 శాతం పెరిగింది. పక్కన చూసుకునేవాళ్లు ఉన్నారు, పద్ధతిగా చేయించారు, అది నిజమే. కానీ తొంభై ఏళ్ల కండరం కూడా పిలిస్తే పలుకుతుందని తెలిశాక, డెబ్బై ఏళ్ల పెద్దవాళ్లని "మీరు కూర్చోండి, మేం చేస్తాం" అని కుర్చీకే అతికించేయడం నాకు బాధగా ఉంటుంది.

నాలుగో అడుగు: ఎముక కోసం, చిన్న అదురు

ఎముక మజ్జలో ఇంకోరకం మూలకణాలుంటాయి, ఇవి ఎముక కణాలుగానూ మారగలవు, కొవ్వు కణాలుగానూ మారగలవు. వయసుతో, కదలిక లేకపోవడంతో కొవ్వు వైపు ఒరుగుతాయి. నేల మీద అడుగు పడినప్పుడు పుట్టే అదురు వీటిని ఎముక వైపు తిప్పుతుంది. 2021లో డల్లాస్‌లో షాన్ మోరిసన్ బృందం ఎలుకల్లో దీని గుట్టు పట్టుకుంది: మజ్జలోని చిన్న ధమనుల చుట్టూ ఉండే కొన్ని కణాలు పీజో1 అనే ప్రొటీన్ సాయంతో కదలికను పసిగట్టి ఎముకను తయారుచేస్తాయి, రోగనిరోధక కణాలు పుట్టే చోటును కూడా నిలబెడతాయి. ఆ అదురే లేకపోతే ఏమవుతుందో వ్యోమగాముల్లో చూశారు, రోదసిలో నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా ఎముక సాంద్రత కోల్పోయారు.

కాబట్టి సైక్లింగ్, ఈత మాత్రమే చేసేవాళ్లు వారంలో కొంత నడక తప్పకుండా కలుపుకోండి. మెట్లు ఎక్కండి. బరువు వ్యాయామం చేసే రోజుల్లో చివర, మునివేళ్ల మీద లేచి మడమలు నేలకు కాస్త తట్టేలా దింపండి, 10 నుంచి 20 సార్లు. కీళ్లు బాగున్నవాళ్లు అక్కడికక్కడే చిన్న చిన్న గెంతులు వేయొచ్చు. ఎముకలు గుల్లబారాయని చెప్పినవాళ్లు, ఇంతకుముందు ఎముక విరిగినవాళ్లు గెంతొద్దు, ముందుకు బాగా వంగి బరువు లేపొద్దు, ఫిజియోథెరపిస్టును అడిగి చేయండి. అరవై అయిదు దాటినవాళ్లు వారంలో 3 రోజులు బ్యాలెన్స్ సాధన కూడా చేయాలి, మొదటి అడుగులో చెప్పిన ఒంటికాలి నిలబడటమే చాలు.

మెదడు సంగతి ఒక్క మాట. 1999లో అమెరికాలోని సాల్క్ ఇన్‌స్టిట్యూట్‌ అనే పరిశోధన సంస్థలో పరుగెత్తిన ఎలుకల మెదడులో కొత్త నాడీకణాలు ఎక్కువ పుట్టాయని తేలింది. పెద్దవాళ్ల మెదడులో కొత్త నాడీకణాలు ఏ మేరకు పుడతాయన్న దాని మీద శాస్త్రవేత్తల్లో ఇంకా వాదన నడుస్తోంది, కానీ 2011లో ఏడాదిపాటు వారానికి 3 రోజులు నడిచిన వృద్ధుల్లో జ్ఞాపకశక్తికి కీలకమైన హిప్పోక్యాంపస్ పరిమాణం 2 శాతం పెరిగినట్టు స్కానింగ్‌లో కనిపించింది. దీనికి వేరే వ్యాయామం అక్కర్లేదు, రెండో అడుగులోని నడకే.

అయిదో అడుగు: విశ్రాంతి కూడా వ్యాయామంలో భాగమే

లేచిన కణం పని ముగించుకుని మళ్లీ నిద్రపోవాలి, లేకపోతే నిల్వ కరిగిపోతుంది. రోజూ అదే కండరాన్ని బాదితే దానికి కోలుకునే సమయం చిక్కదు కాబట్టి ఆ 48 గంటల తేడాను తేలిగ్గా తీసుకోవద్దు. 7 గంటలకు తగ్గకుండా నిద్రపోండి. తినే తిండిలో ప్రొటీన్ చూసుకోండి, వయసు మళ్లినవాళ్లకు శరీర బరువులో కిలోకి రోజుకు 1 నుంచి 1.2 గ్రాములు కావాలి, అంటే 60 కిలోల మనిషికి 60 నుంచి 72 గ్రాములు, అది కూడా ఒకే పూట కాకుండా మూడు పూటలా పంచుకుని. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు ఈ లెక్క డాక్టర్‌ని అడిగాకే.

ఒకటి రెండు రోజుల తర్వాత కండరాల్లో వచ్చే మొద్దు నొప్పికి టెన్షన్ పడక్కర్లేదు, మూడు నాలుగు రోజుల్లో పోతుంది. దానికోసం ప్రతిసారీ నొప్పి బిళ్లలు మింగే అలవాటు చేసుకోవద్దు, కండరం బాగుపడటానికి గాయం తర్వాత వచ్చే ఆ కొద్దిపాటి వాపు కూడా కావాలి. కీలు లోపల సూదిలా గుచ్చితే, వాచిపోతే ఆపేయండి. కొత్తగా చాలా ఎక్కువ చేసేసి, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లండి, కండరం విపరీతంగా దెబ్బతిని కిడ్నీలకు ముప్పు వచ్చే పరిస్థితి అది.

ఆరో అడుగు: వారాన్ని సర్దుకోండి, తెగనివ్వకండి

సోమవారం, గురువారం బరువులు, చివర్లో మడమల అదురు. మంగళ, బుధ, శుక్ర, శనివారాలు నడక, బాగా అలవాటయ్యాక అందులో ఒకటి రెండు రోజులు వేగం మార్చే నడక. ఆదివారం ఖాళీ, లేదా ఇష్టమైతే తీరిగ్గా తిరగడం. రోజులు మీ వీలును బట్టి మార్చుకోండి, బరువుల రోజులు పక్కపక్కన రాకుండా చూసుకుంటే చాలు.

తెగిపోతే ఎంత నష్టమో డల్లాస్‌లో 1966లో చూశారు. ఇరవై ఏళ్ల కుర్రాళ్లు అయిదుగురిని 3 వారాలు మంచం మీదే ఉంచారు, 30 ఏళ్ల తర్వాత ఆ అయిదుగురినే మళ్లీ పరీక్షిస్తే, ముప్ఫై ఏళ్ల వయసు తీసుకెళ్లిన దమ్ము కంటే ఆ మూడు వారాల మంచం తీసుకెళ్లిందే ఎక్కువ అని తేలింది. అందుకే ప్రయాణం, పని ఒత్తిడి వచ్చినప్పుడు మొత్తం మానేయకుండా కనీస మోతాదు ఒకటి ముందే అనుకుని పెట్టుకోండి, ఉదాహరణకు 10 నిమిషాల నడక, ఒక విడత కుర్చీ వ్యాయామం. జ్వరం ఉన్న రోజు మాత్రం అదీ వద్దు, పూర్తిగా పడుకోండి. రెండు వారాలకు పైగా ఆగిపోతే పాత బరువులో సగంతో మళ్లీ మొదలుపెట్టండి.

ఎప్పుడు మొదలుపెట్టాలి అంటారా, గుండె విషయంలో మాత్రం ముందే మంచిది. 2018లో బెంజమిన్ లెవీన్ అనే గుండె వైద్యుడి బృందం 45 నుంచి 64 ఏళ్ల మధ్య, కూర్చుని పనిచేసేవాళ్ల చేత వారానికి 4, 5 రోజులు రెండేళ్లపాటు వ్యాయామం చేయిస్తే, బిగుసుకుపోతున్న గుండె కండరం మళ్లీ మెత్తబడింది. కండర బలానికి అలాంటి గడువేమీ లేదు, అది తొంభై ఏళ్లవాళ్లలో చూశాం.

డబ్బు ఎక్కడ పెట్టకూడదు

వయసు వెనక్కి తిప్పుతామంటూ స్టెమ్ సెల్ ఇంజెక్షన్లు అమ్మేవాళ్లు పెరిగిపోయారు. రక్త క్యాన్సర్లకు, కొన్ని రక్త జబ్బులకు చేసే ఎముక మజ్జ మార్పిడి నిరూపితమైన వైద్యం, దాన్ని దీనితో కలపొద్దు. కానీ ఆరోగ్యంగా ఉన్న మనిషికి వయసు తగ్గించడానికి ఎక్కించే ఇంజెక్షన్‌కు నిరూపణ లేదు, ఇన్‌ఫెక్షన్ల దగ్గర నుంచి కణితుల దాకా ప్రమాదాలు నమోదయ్యాయి. మూలకణాలు పెంచుతాయనే మాత్రలు, పొడులు కూడా అంతే. ఆ డబ్బుతో ఒక మంచి నడక బూట్ల జత, రెండు రబ్బరు బ్యాండ్లు, కొన్నాళ్లపాటు భంగిమ సరిదిద్దడానికి ఒక ఫిజియోథెరపిస్టు, ఇవి కొనుక్కోండి.

పన్నెండు వారాల తర్వాత

మొదట రాసుకున్న మూడు పరీక్షలు మళ్లీ చేయండి, అదే కుర్చీతో, రోజులో అదే సమయంలో. కుర్చీ లెక్క పెరిగి ఉంటే చేతిలో బరువు పెంచే సమయం వచ్చినట్టే. పెరగకపోతే చివరి రెండుసార్లు నిజంగా కష్టంగా ఉంటున్నాయా, మెల్లగా దిగుతున్నారా, వారానికి రెండు రోజులు నిజంగా పడ్డాయా, ప్రొటీన్ సరిపోతోందా, ఈ వరుసలో చూసుకోండి, సాధారణంగా మొదటి రెండిట్లోనే దొరుకుతుంది. ఒంటికాలి సమయం ఒక కాలికీ ఇంకో కాలికీ బాగా తేడా ఉంటే బలహీనమైన కాలితో ముందు మొదలుపెట్టండి. నడక దూరం మునుపటికంటే తగ్గి, ఆయాసం పెరిగితే మాత్రం వ్యాయామం పెంచొద్దు, ఆ కాగితం పట్టుకుని డాక్టర్ దగ్గరకు వెళ్లండి.